లింఫోమా నయమైన తర్వాతి నలభై ఏళ్లు

2003 చివర్లో బ్రిటన్ ఆరోగ్య శాఖ పాత రేడియోథెరపీ రికార్డులు తిరగేయించింది. హాడ్జ్‌కిన్ లింఫోమా వచ్చి, 35 ఏళ్లు దాటకముందే ఛాతీకి రేడియేషన్ తీసుకున్న మహిళలెవరో, ఇప్పుడెక్కడున్నారో కనుక్కుని కబురు పెట్టాలని నిర్ణయించింది. వాళ్లంతా ఎప్పుడో నయమై ఇళ్లకు వెళ్లిపోయినవాళ్లు. పెళ్లిళ్లై ఇంటిపేర్లు, ఊళ్లు మారినవాళ్లు వాళ్లలో ఎందరో ఉంటారు. ఒకప్పుడు ప్రాణం నిలిపిన చికిత్సే రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచిందని, ఇకపై క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవాలని వాళ్లకు తెలియజెయ్యడం ఈ వెతుకులాట ఉద్దేశం.

జబ్బు నయం చేసిన ఆస్పత్రికి నయమైన మనిషి మీద బాధ్యత ఎన్నాళ్లుండాలి? లింఫోమా విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ఐదేళ్లు కాదు, పదేళ్లు కూడా కాదు. ఇంచుమించు జీవితాంతం. గత యాభై ఏళ్ల పరిశోధన చెబుతున్నది ఇదే. ఎవరికి ఏ ముప్పు ఉందన్నది వాళ్లకు ఏ మందు, ఎంత మోతాదులో ఇచ్చారు, రేడియేషన్ ఏ భాగానికి, ఎంత పెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ వివరం చేతిలో ఉంటే చాలా నష్టాలను ముందే పసిగట్టవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో చికిత్స పూర్తి చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది దగ్గర లేనిది సరిగ్గా ఆ వివరమే.

లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో పుట్టి, ఎక్కువగా లింఫ్ గ్రంథుల్లో పెరిగే క్యాన్సర్లను కలిపి లింఫోమా అంటారు. మెడలోనో చంకలోనో గజ్జల్లోనో బిళ్ల కట్టి, నొప్పి లేకుండా పెరుగుతూ పోవడం దాని మామూలు లక్షణం. ఇందులో హాడ్జ్‌కిన్, నాన్ హాడ్జ్‌కిన్ అని రెండు పెద్ద కుటుంబాలున్నాయి. హాడ్జ్‌కిన్ రకం పడుచు వయసులో ఎక్కువగా వస్తుంది, బాగా నయమవుతుంది. ఇరవై ఏళ్లకు నయమైన మనిషికి ముందు యాభై, అరవై ఏళ్ల జీవితం ఉంటుంది. చికిత్స చేసిన నష్టం బయటపడడానికి అంత వ్యవధీ దొరుకుతుంది. చికిత్సల దీర్ఘకాల ప్రభావాల గురించి వైద్యులకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ జబ్బు నుంచి తెలుసుకున్నదే.

లండన్ గైస్ ఆస్పత్రి వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ ఈ జబ్బును 1832లో వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఇది వస్తే బతకరన్నదే వైద్యుల నమ్మకం. టొరంటోలో వీరా పీటర్స్ 1950లో ప్రచురించిన ఫలితాలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. గడ్డలున్న చోటే కాక, చుట్టుపక్కల గ్రంథులకు కూడా తగిన మోతాదులో రేడియేషన్ పెడితే కొందరు పూర్తిగా బాగుపడుతున్నారని ఆమె చూపించింది. స్టాన్‌ఫర్డ్‌లో హెన్రీ కప్లాన్ 1956 నుంచి లీనియర్ యాక్సిలరేటర్ వాడుతూ ఈ పద్ధతిని ఇంకా విస్తరించాడు. దవడ కింద నుంచి ఉదరవితానం దాకా మెడ, చంకలు, ఛాతీ మధ్యభాగం అన్నిటికీ ఒకే క్షేత్రంగా సుమారు 40 గ్రే మోతాదు పెట్టేవారు. భుజాల మీదుగా కప్పుకున్న శాలువా ఆకారంలో ఉండేది కాబట్టి దానికి మ్యాంటిల్ ఫీల్డ్ అని పేరు. మన పల్లెల్లో ‘కరెంటు పెట్టించుకోవడం’ అనే ఈ చికిత్స గుండె మీద, రొమ్ముల మీద, థైరాయిడ్ మీద పడకుండా జరిగే వీలు అప్పట్లో లేదు.

మందుల వైపు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో విన్సెంట్ డెవిటా బృందం 1964లో నాలుగు మందులను కలిపి మాప్ అనే చికిత్స ప్రారంభించింది. అందులో మొదటి మందు మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుగా వాడిన మస్టర్డ్ గ్యాస్ వంశానికి చెందినది. 1970లో వచ్చిన ఫలితాల ప్రకారం ముదిరిన జబ్బు ఉన్నవారిలో సుమారు 80 శాతం మందికి గడ్డలు పూర్తిగా కరిగిపోయాయి. మిలాన్‌లో జాన్ని బొనడొన్నా 1975లో ఏబీవీడీ అనే మరో నాలుగు మందుల కలయికను ప్రకటించాడు. డాక్సోరుబిసిన్, బ్లియోమైసిన్, విన్‌బ్లాస్టిన్, డకార్బజిన్ ఆ నాలుగు మందులు. ఇవాళ్టికీ హైదరాబాద్, విశాఖ ఆస్పత్రుల్లో హాడ్జ్‌కిన్ రోగులకు మామూలుగా ఎక్కించేది దాన్నే.

ఈ చికిత్సల నష్టాల లెక్క తేలడం నెమ్మదిగా మొదలైంది. ముందుగా కనిపించింది రక్త క్యాన్సర్. మాప్ తీసుకున్నవారిలో కొందరికి చికిత్స అయిన ఐదు నుంచి పదేళ్లలో ల్యుకేమియా వచ్చింది. ఏబీవీడీకి మారాక అది బాగా తగ్గింది. ఆ తర్వాత పదేళ్లు దాటినవాళ్లలో రొమ్ము, ఊపిరితిత్తులు, థైరాయిడ్, జీర్ణాశయం వంటి చోట్ల కొత్త గడ్డలు కనిపించసాగాయి. ఇవి ఎక్కువగా రేడియేషన్ పడిన చోటే వచ్చాయి. ల్యుకేమియా ముప్పు కొన్నేళ్లకు తగ్గిపోయింది. ఈ గడ్డల ముప్పు మాత్రం దశాబ్దాల తరబడి పెరుగుతూనే పోయింది.

2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో పునాది రాయి వంటిది. 1965 నుంచి 2000 వరకు హాడ్జ్‌కిన్ చికిత్స పొంది, కనీసం ఐదేళ్లు బతికిన 3,905 మందిని వాళ్లు అనుసరించారు. వీళ్లలో రెండో క్యాన్సర్ రావడం సాధారణ జనంతో పోలిస్తే 4.6 రెట్లు ఎక్కువ. నలభై ఏళ్లు గడిచేసరికి ఇంచుమించు సగం మందికి, అంటే 48.5 శాతానికి, మరో క్యాన్సర్ వచ్చినట్టు తేలింది. ఇంకా బాధ కలిగించే సంగతి ఏమిటంటే, 1990ల్లో చికిత్స పొందినవాళ్లలోనూ మొత్తం ముప్పు పాతవాళ్ల కంటే తగ్గలేదు. అయితే చంకలకు రేడియేషన్ పెట్టకుండా చిన్న క్షేత్రంతో సరిపెట్టిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ బాగా తక్కువగా కనిపించింది. క్షేత్రాన్ని కుదిస్తే నష్టం తగ్గుతుందనడానికి ఇది బలమైన ఆధారం.

ఈ అంకెలు చదివి నిన్నమొన్న చికిత్స ముగించిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు బెంగపడకూడదు. నలభై ఏళ్ల ఫలితం తెలియాలంటే చికిత్స నలభై ఏళ్ల కిందట జరిగి ఉండాలి. అంటే ఇవి పాత చికిత్సల లెక్కలు. ఇవాళ రేడియేషన్ మోతాదు అప్పటి సగం వరకు తగ్గింది, క్షేత్రం ఇంకా చిన్నదైంది, చాలామందికి అసలు అవసరమే పడడం లేదు. ముప్పు సున్నా అని ఎవరూ చెప్పలేరు. కానీ పాత అంకెలు తెచ్చి కొత్త రోగి ముందు పెట్టడం న్యాయం కాదు. ఆ అంకెలు వర్తించేది 1970, 80, 90ల్లో కరెంటు పెట్టించుకుని ఇప్పుడు నడివయసులోనో, అది దాటో ఉన్నవాళ్లకు.

వాళ్ల విషయంలో క్యాన్సర్ ఎంత ముఖ్యమో గుండె కూడా అంతే ముఖ్యం. నెదర్లాండ్స్‌లోనే 2,524 మంది మీద జరిగిన మరో అధ్యయనంలో గుండెకు రక్తం తగ్గే జబ్బు, గుండె నీరసించడం రెండూ సాధారణ జనం కంటే నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువగా కనిపించాయి. గుండెకు రెండు దారుల్లో దెబ్బ తగులుతుంది. రేడియేషన్ వల్ల కరోనరీ ధమనుల మొదళ్లు ఇరుకవుతాయి, కవాటాలు మందమెక్కి బిగుసుకుంటాయి, గుండె కొట్టుకునే లయను నడిపించే తీగలు దెబ్బతినవచ్చు. కవాటాల జబ్బు ఇరవై ఏళ్ల తర్వాత గానీ తేలిగ్గా బయటపడదు. రెండో దారి డాక్సోరుబిసిన్. ఎర్రగా ఉండే ఈ మందు ఎక్కించాక మూత్రం కూడా ఒకటి రెండు రోజులు ఎర్రగా వస్తుంది, చాలామంది రోగులకు మిగతా పేర్లు మర్చిపోయినా ఇది గుర్తుంటుంది. ఇది గుండె కండరాన్ని నేరుగా బలహీనపరుస్తుంది, నష్టం మొత్తం మోతాదును బట్టి పెరుగుతుంది. ఒంటి విస్తీర్ణం చదరపు మీటరుకు 550 మిల్లీగ్రాములు దాటాక గుండె నీరసించే అవకాశం గట్టిగా ఎక్కుతుందని 1970ల చివరికే తెలిసింది. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాలు 250 మిల్లీగ్రాములు చేరినవాళ్లను, లేదా గుండె మీద 30 గ్రే రేడియేషన్ పడినవాళ్లను, లేదా రెండూ తక్కువ మోతాదుల్లో కలిపి తీసుకున్నవాళ్లను ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లుగా చూడమన్నాయి. ఏబీవీడీ ఆరు విడతలు పూర్తయితే మొత్తం 300 మిల్లీగ్రాములు. అంటే మన ఆస్పత్రుల్లో పూర్తి కోర్సు తీసుకున్న ప్రతివాళ్లూ ఆ గీత దాటినవాళ్లే.

గుండెకు ఈ రెండు దెబ్బలూ తగిలినవాళ్లకు బీపీ, షుగర్, కొలెస్టరాల్, పొగాకు ఏ ఒక్కటి తోడైనా ముప్పు కూడిక లెక్కలో ఆగదు, హెచ్చవేత అవుతుంది. తెలుగువాళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. దక్షిణాసియా వాళ్లకు గుండెపోటు మిగతా ప్రపంచం కంటే సగటున ఐదారేళ్లు ముందే వస్తుందని ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఏనాడో చూపించింది. ముప్పై ఏళ్ల లోపు ఛాతీకి రేడియేషన్ తీసుకున్న మనిషికి నలభై ఏళ్లకు ఆయాసం వస్తే, దాన్ని ‘గ్యాస్’ అని కొట్టిపారేసే డాక్టరుకు పాత చికిత్స సంగతి తెలియకపోవడం ప్రాణాంతకం కావచ్చు. తెలిసి ఉంటే ఒక ఎకో పరీక్ష, ఒక ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్షతో సంగతి తేలిపోతుంది. మందులతో గుండె బలాన్ని కాపాడుకునే వీలు తొలిదశలోనే ఎక్కువ. గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్లకు ఇది మరీ అవసరం. కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు సమయంలో గుండె మీద పని పెరుగుతుంది. అప్పటిదాకా బయటపడని బలహీనత అప్పుడు బయటపడవచ్చు. కాన్పు డాక్టరుకు మొదటి నెలల్లోనే డాక్సోరుబిసిన్ సంగతి చెప్పడం, ఒక ఎకో చేయించడం పెద్ద కష్టమైన పనులు కావు.

రొమ్ము క్యాన్సర్ విషయంలో పరీక్షల షెడ్యూలు చాలా స్పష్టంగా ఉంది. చిన్నతనంలో, యౌవనంలో ఛాతీకి రేడియేషన్ తీసుకున్న మహిళలు 25 ఏళ్ల వయసు నుంచి గానీ, చికిత్స అయిన ఎనిమిదేళ్ల నుంచి గానీ, ఏది ఆలస్యమైతే అప్పటి నుంచి ఏటా మామోగ్రామ్, దానితోపాటు ఎమ్మారై చేయించుకోవాలి. పదహారేళ్లకు చికిత్స అయిన అమ్మాయి 25కు, ఇరవై రెండేళ్లకు అయిన అమ్మాయి 30కి మొదలుపెట్టాలన్నమాట. వయసులో ఉన్న ఆడవాళ్లకు రొమ్ము కణజాలం చిక్కగా ఉండడం వల్ల మామోగ్రామ్ ఒక్కటే చాలదు, అందుకే ఎమ్మారై. అది ఖరీదైనదే, కానీ వీళ్లలో ముప్పు బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవాళ్లతో పోల్చదగినది కాబట్టి ఆ ఖర్చుకు అర్థం ఉంది. ఒక చిత్రమైన విషయం కూడా ఈ పరిశోధనల్లో తేలింది. మాప్ వంటి మందుల వల్ల అండాశయాలు దెబ్బతిని నెలసరి త్వరగా ఆగిపోయిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ తక్కువ. రేడియేషన్ దెబ్బ తిన్న కణాలకు అండాశయాల హార్మోన్లే ఎరువు వేస్తున్నాయని దాని వల్ల అర్థమైంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో రేడియేషన్, పొగాకు రెండూ కలిసి ముప్పును హెచ్చవేస్తాయి. చుట్ట, బీడీ, సిగరెట్ ఏదైనా సరే, ఛాతీకి రేడియేషన్ తీసుకున్న మనిషికి మానేయించడం కంటే విలువైన నివారణ మందు లేదు. మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఇరవై ఏళ్లకు సుమారు సగం మందికి థైరాయిడ్ సమస్య వస్తుంది. నీరసం, ఒళ్లు బరువెక్కడం, చలికి తట్టుకోలేకపోవడం వయసు మీద పడడం అనుకుంటారు, ఏటా ఒక టీఎస్‌హెచ్ పరీక్షతో తేలే విషయం ఇది. లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. మెడ కండరాలు పలచబడి తల నిలబెట్టడం కష్టమైనవాళ్లూ ఉన్నారు. బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని గట్టిపరచవచ్చు. తర్వాతెప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకు ఆ మందు తీసుకున్న సంగతి తప్పక చెప్పాలి. 1980ల వరకు జబ్బు ఎంత పాకిందో తెలుసుకోవడానికి కడుపు కోసి ప్లీహాన్ని తీసేసేవారు. అలా ప్లీహం పోయినవాళ్లకు, దాని మీద రేడియేషన్ పడినవాళ్లకు న్యూమోకోకస్, మెనింజోకోకస్ టీకాలు అవసరం. వాళ్లకు జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, రక్తంలోకి సూక్ష్మజీవి పాకి గంటల్లో ప్రాణం మీదికి తేవచ్చు.

నాన్ హాడ్జ్‌కిన్ రకాల్లో పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చే డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమాను తీసుకుందాం. రిటుక్సిమాబ్ అనే మందు 1997లో అమెరికాలో అనుమతి పొందింది. చాప్ అనే పాత మందుల కలయికకు దాన్ని జోడిస్తే వయసు పైబడ్డవాళ్లు కూడా ఎక్కువమంది బతుకుతున్నారని ఫ్రెంచి పరిశోధకులు 2002లో చూపించారు. అప్పటి నుంచి ఆర్-చాప్ ప్రామాణిక చికిత్స. దీనిలోనూ డాక్సోరుబిసిన్ ఉంది, ఆరు విడతలకు అదే 300 మిల్లీగ్రాములు. అరవై దాటిన మనిషి గుండె మీద ఆ మోతాదు ప్రభావం పడుచువాళ్ల కంటే త్వరగా కనిపిస్తుంది. ఇందులోని మరో మందు విన్‌క్రిస్టిన్ వల్ల చేతివేళ్లు, పాదాలు తిమ్మిరెక్కుతాయి, కొందరికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నెలల తరబడి కష్టమవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఈ తిమ్మిరి ఎప్పటికీ పూర్తిగా పోకపోవచ్చు. ఇందులోనే ఎక్కువ మోతాదులో వాడే ప్రెడ్నిసలోన్ తుంటి ఎముక తలకు రక్తసరఫరా తగ్గించి నడకను దెబ్బతీసే సందర్భాలున్నాయి.

రిటుక్సిమాబ్ విషయంలో ఒక జాగ్రత్త మన దేశానికి ప్రత్యేకంగా ముఖ్యం. ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ నిద్రాణంగా ఉన్నా తెలియనివాళ్లు మనలో తక్కువేమీ లేరు. ఈ మందు రోగనిరోధక కణాలను తుడిచేయడంతో ఆ వైరస్ మళ్లీ లేచి కాలేయాన్ని కూల్చేయగలదు, మందు ఆపిన చాలా నెలల తర్వాత కూడా. మొదటి సెలైన్ ఎక్కించే ముందే పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకు వైరస్ మందు ఇచ్చి, చికిత్స ముగిశాక కనీసం ఏడాది పాటు కొనసాగించాలి. ‘క్యాన్సర్ తగ్గిపోయింది కదా, ఇంకా మాత్రలెందుకు’ అని మానేసేవాళ్లకు ఈ సంగతి ఇంట్లో ఒకరైనా గుర్తుచేయాలి. ధైర్యమిచ్చే సంగతి కూడా ఒకటుంది. ఈ లింఫోమా ఉన్నవాళ్లు రెండేళ్ల పాటు జబ్బు తిరగబెట్టకుండా గడిపితే, ఆ తర్వాత వాళ్ల ఆయుర్దాయం అదే వయసున్న మామూలు మనుషులకు దాదాపు సమానమని 2014లో ఒక పెద్ద అధ్యయనం చూపించింది.

ఇక ఒంటికంటే ఇంటికి సంబంధించిన నష్టాలు. మన ఇళ్లలో వీటి గురించి మాట్లాడడమే కష్టం. మాప్, దాన్ని పోలిన కాప్ చికిత్సల్లో ఉండే ప్రొకార్బజిన్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు మగపిల్లల్లో వీర్యకణాల ఉత్పత్తిని శాశ్వతంగా ఆపేయగలవు. ఆరు విడతల మాప్ తీసుకున్న మగవాళ్లలో అత్యధికులకు పిల్లలు పుట్టే అవకాశం పోయింది. కాప్‌ను మన దేశంలో పిల్లలకు చాలాకాలం వాడారు. ఏబీవీడీ ఈ విషయంలో చాలా మెరుగు, చాలామందిలో ఏడాది రెండేళ్లకు మామూలు స్థితి తిరిగి వస్తుంది. చికిత్స ముందే వీర్యం నిల్వ చేయించడం తేలికైన పని, హైదరాబాద్‌లో ఆ సదుపాయం ఉంది. కానీ పదహారేళ్ల కుర్రాడి ముందు, అతని తల్లిదండ్రుల సమక్షంలో ఆ మాట ఎత్తడానికి డాక్టర్లూ సంకోచిస్తారు, పెద్దవాళ్లూ అడగరు. క్యాన్సర్ అన్న మాట విన్న రోజున మనవళ్ల గురించి ఎవరు ఆలోచిస్తారు? పదేళ్ల తర్వాత ఆ కుర్రాడు పెళ్లి మాట వచ్చినప్పుడు ఆలోచిస్తాడు. ఆ ఒక్క సంభాషణ అప్పుడు జరిగి ఉంటే బాగుండునని ఎంత అనుకున్నా అప్పుడు లాభం ఉండదు. అందుకే ఇది డాక్టరు ఎత్తాల్సిన మాట, కుటుంబం అడిగేదాకా ఆగాల్సింది కాదు.

పెళ్లి సంబంధాల దగ్గర ఈ చరిత్ర మళ్లీ ఎదురవుతుంది. ఆడపిల్లలకు ఇంకా గట్టిగా. చెబితే సంబంధం తప్పిపోతుందని, చెప్పకపోతే తర్వాత తెలిసి ఇల్లు కూలుతుందని తల్లిదండ్రులు నలిగిపోతారు. నా అభిప్రాయం చెప్పేదే మంచిదని. దానికి నీతి కంటే ముందు ఆరోగ్య కారణం ఉంది. గుండె, థైరాయిడ్, కాన్పు పరీక్షల గురించి భర్తకు, అత్తింటివాళ్లకు తెలియకపోతే ఆమె ప్రతి పరీక్షకూ అబద్ధం చెప్పి వెళ్లాలి, లేదా పరీక్షే మానేయాలి. చెప్పేటప్పుడు ఒక విషయం గట్టిగా చెప్పవచ్చు. క్యాన్సర్ నుంచి బయటపడినవాళ్లకు పుట్టే పిల్లల్లో అవకరాలు ఎక్కువగా ఉంటాయన్న భయానికి పెద్ద అధ్యయనాల్లో ఆధారం దొరకలేదు. లింఫోమా అంటువ్యాధి కాదు. ఎక్కువమంది విషయంలో వంశపారంపర్యమూ కాదు.

అలసట గురించి బయటివాళ్లకు అర్థం కావడం ఇంకా కష్టం. స్కాన్ శుభ్రంగా ఉంటుంది, రక్త పరీక్షలు బాగుంటాయి, మనిషి మాత్రం సాయంత్రానికి కూలబడతాడు. నార్వేలో 1999లో జరిగిన అధ్యయనంలో హాడ్జ్‌కిన్ నుంచి బయటపడినవాళ్లలో సుమారు నాలుగోవంతు మందికి నెలల తరబడి వదలని అలసట ఉన్నట్టు తేలింది. సాధారణ జనంలో అది 11 శాతమే. బద్ధకం, నటన అని ఇంట్లోవాళ్లు, ఆఫీసులో పైవాళ్లు అనడం ఆ మనిషిని ఇంకా కుంగదీస్తుంది. థైరాయిడ్, రక్తహీనత, గుండె, దిగులు ఇవన్నీ వెతికి చూడాల్సిన కారణాలు. కారణం దొరకనప్పుడు కూడా క్రమంగా పెంచుకుంటూ పోయే నడక, వ్యాయామం కొంత మేలు చేస్తాయని ఆధారాలున్నాయి. స్కాన్ తేదీ దగ్గరపడే కొద్దీ నిద్ర పట్టకపోవడం, మెడ తడుముకుని తడుముకుని గ్రంథి దొరికితే చెమటలు పట్టడం చాలా ఏళ్లు ఉంటాయి. ఇవి కూడా చికిత్స ప్రభావాల్లో భాగమే, వీటికి మానసిక వైద్యుడి సాయం అడగడంలో తప్పు లేదు.

బీమా దగ్గర కూడా నయమైన మనిషి శాశ్వత రోగిగానే లెక్కకు వస్తాడు. ఫ్రాన్స్ 2016లో చట్టం చేసి, చికిత్స ముగిశాక కొన్నేళ్లు గడిస్తే అప్పుకు బీమా తీసుకునేటప్పుడు పాత క్యాన్సర్ సంగతి చెప్పనక్కర్లేదని తేల్చింది. 2022లో ఆ గడువును ఐదేళ్లకు తగ్గించింది. మన దగ్గర బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆరోగ్య బీమాలో పాత జబ్బులకు వేచి ఉండాల్సిన గరిష్ఠ కాలాన్ని నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. ఇది మంచి అడుగే, అయినా నయమైనవాళ్లకు ఆ మేరకు హక్కు ఇచ్చిన ఫ్రాన్స్ చట్టం లాంటిది మనకు లేదు.

ఇవన్నీ చూసి వైద్యశాస్త్రం ఊరుకోలేదన్నది ఈ కథలో గొప్ప విషయం. చికిత్సను ఎంత తగ్గించినా నయం తగ్గకుండా ఉంటుందో తేల్చడానికి హాడ్జ్‌కిన్ మీద ఎన్నో ప్రయోగాలు జరిగాయి. జర్మన్ బృందం చేసిన హెచ్‌డీ10 ప్రయోగం 2010లో చెప్పింది, తొలిదశలో తక్కువ ముప్పు ఉన్నవాళ్లకు నాలుగు విడతల ఏబీవీడీ, 30 గ్రే రేడియేషన్ ఇచ్చినా, రెండు విడతలు, 20 గ్రే ఇచ్చినా ఫలితం ఒకటేనని. అంటే డాక్సోరుబిసిన్ 200 నుంచి 100 మిల్లీగ్రాములకు పడిపోయింది. బ్రిటన్ నాయకత్వంలో జరిగిన రాత్ల్ ప్రయోగం 2016లో, రెండు విడతల తర్వాత పెట్ స్కాన్ శుభ్రంగా ఉంటే బ్లియోమైసిన్ ఆపేయవచ్చని చూపించింది. ఐరోపా పిల్లల ప్రయోగాల్లో సంతానశక్తి కాపాడడం కోసం ప్రొకార్బజిన్ స్థానంలో డకార్బజిన్ పెట్టారు. ఇప్పుడు నివొలుమాబ్ అనే రోగనిరోధక మందును కలిపి, రేడియేషన్ దాదాపు లేకుండా ముదిరిన హాడ్జ్‌కిన్‌ను నయం చేయవచ్చని 2024లో అమెరికా ప్రయోగం చెప్పింది. నివొలుమాబ్‌కూ తనదైన నష్టం ఉంది. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథుల మీద మన రోగనిరోధక శక్తే దాడి చేసి శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన, రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి ఎక్కించే కార్-టీ చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. అలాంటి చికిత్సలు పొందినవాళ్లను అరుదుగా వచ్చే కొత్త రక్త క్యాన్సర్ల కోసం కనిపెట్టుకుని ఉండాలని అమెరికా ఔషధ సంస్థ 2024లో హెచ్చరించింది.

మన రాష్ట్రాల్లో కథ చికిత్స కంటే ముందే మొదలవుతుంది. మెడలో గడ్డ, సాయంత్రం జ్వరం, ఒళ్లు తగ్గడం అంటే చాలా చోట్ల ముందు క్షయ అనుకుంటారు. కొన్నిసార్లు గడ్డ ముక్క పరీక్ష చేయకుండానే నెలల తరబడి క్షయ మందులు వాడిస్తారు. అప్పటికి లింఫోమా ముదిరి, రెండు విడతలు, కాస్త రేడియేషన్‌తో పోయేది ఆరు విడతల దాకా వస్తుంది. రోగనిర్ధారణ ఆలస్యానికి మూల్యం ఇరవై ఏళ్ల తర్వాత గుండె చెల్లిస్తుంది. గడ్డ నుంచి సూదితో కాస్త కణజాలం తీయడం లింఫోమాకు తరచుగా చాలదు. గ్రంథిని పూర్తిగా తీసి పరీక్షకు పంపడం దీర్ఘకాల ప్రభావాల నివారణలో మొదటి మెట్టు.

చికిత్స తర్వాతి ఏర్పాటుకు దేశంలో ఒక మంచి ఉదాహరణ ఉంది. ముంబయిలో టాటా మెమోరియల్ ఆస్పత్రి 1991లోనే బాల్య క్యాన్సర్ల నుంచి బయటపడినవాళ్ల కోసం ప్రత్యేక క్లినిక్ మొదలుపెట్టింది. అప్పటి పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకుని పరీక్షలకు వస్తున్నారు. పెద్దవయసులో లింఫోమా వచ్చినవాళ్లకు అలాంటి చోటు మన దగ్గర అరుదు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి కీమో, రేడియేషన్ ఖర్చు భరించడంతో వేలమంది పేదలకు పూర్తి చికిత్స అందింది. వాళ్లలో తొలినాళ్లలో నయమైనవాళ్లు ఇప్పుడు పదిహేను, పద్దెనిమిదేళ్ల గీత మీద ఉన్నారు, సరిగ్గా గుండె జబ్బులు బయటపడడం మొదలయ్యే కాలం. ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం, విశాఖలోని హోమీ భాభా ఆస్పత్రి వారంలో ఒక పూట ఐదేళ్లు దాటినవాళ్ల కోసం కేటాయిస్తే ఖర్చు పెద్దది కాదు. బీపీ, షుగర్, టీఎస్‌హెచ్, ఎకో, వయసును బట్టి మామోగ్రామ్ ఇవే ఎక్కువమందికి కావాల్సిన పరీక్షలు.

ఆ పూట రాకముందే ప్రతి ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. చికిత్స ముగిసిన రోజే ఒక పేజీ కాగితం అడిగి తీసుకోవాలి. లింఫోమా ఏ రకం, ఏ దశ, ఏ మందులు ఎన్ని విడతలు, డాక్సోరుబిసిన్, బ్లియోమైసిన్ మొత్తం ఎంత, రేడియేషన్ ఏ భాగానికి ఎన్ని గ్రే, ప్లీహం ఉందా లేదా, ఏ తేదీకి ముగిసింది, ఇకపై ఏ పరీక్ష ఏ ఏట. డిశ్చార్జి కాగితాల కట్టలో ఇవన్నీ చెల్లాచెదురుగా ఉంటాయి. కానీ తర్వాత చూసే ఊరి డాక్టరు ఆ కట్ట చదవడు, ఒక పేజీ అయితే చదువుతాడు. ఆ పేజీని ఫోన్‌లో, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ ఖాతాలో దాచుకోవచ్చు. పాతకాలంలో చికిత్స పొందినవాళ్లు చికిత్స చేసిన ఆస్పత్రి రేడియోథెరపీ విభాగానికి వెళ్లి పాత రికార్డు నకలు అడగాలి. 1990ల్లో కరెంటు పెట్టించుకుని ఇప్పుడు యాభైకి దగ్గరపడుతున్న ఆడవాళ్లు ముందుగా వెళ్లాలి.